వేలు ఆనించే చోటు

ఆయన పోయారని ధర్మవరం నుంచి ఫోను వచ్చేటప్పటికి నా కుర్చీలో ఒక పేషెంటు నోరు తెరుచుకుని ఉన్నాడు. ఫోను పెట్టేసి, చేతులు కడుక్కుని, పంటి గార గీకే స్కేలరు మళ్ళీ అందుకున్నాక నేను చేసిన మొదటి పని నా ఉంగరపు వేలు ఎక్కడ ఆనిందో చూసుకోవడం. ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఆయన దగ్గర పని మానేసి ఎన్నో ఏళ్ళయింది, ఊరు మారాను, కుర్చీ మారింది, నా దగ్గరా ఇద్దరు పనిచేస్తున్నారు. అయినా ఈ వేలి గోల నన్ను వదల్లేదు. మనిషి పోయాడన్న వార్త విన్న నిమిషంలో కూడా ఆయనకు భయపడి వేలు సర్దుకున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. రాస్తే ఇంటిపేరు పక్కన చుక్క సరిగ్గా పెట్టలేదని ఎక్కడున్నా తప్పు పట్టగలరు. పట్టుచీరల అంగడి పైన మేడగదిలో ఉండేది ఆయన క్లినిక్కు. కింద సందులో మగ్గాల చప్పుడు, పైన ఆయన సణుగుడు. రెండూ పొద్దున్నే మొదలై దీపాలు పెట్టేవేళకు ఆగేవి. ఊళ్ళో అందరూ పండ్ల డాక్టరు అనేవాళ్ళు. నేను సార్ అనేదాన్ని. మనసులో అనుకున్నవి వేరే ఉన్నాయి, అవి అచ్చులో వేయదగ్గవి కావు.

డెబ్భైల చివర్లో మా ఆయనకు రైల్వేలో బదిలీ అయి మేం ధర్మవరం వచ్చాం. నేను హైదరాబాదులో పళ్ళ డాక్టరు చదువు చదివి, రెండేళ్ళు పెద్దాసుపత్రిలో చేసి ఉన్నాను. రోజుకు పాతిక మంది నోళ్ళు చూసినదాన్ని. నాకు పని వచ్చుననే అనుకుని ఆయన దగ్గరికి వెళ్ళాను. ఆయన నా సర్టిఫికెట్లు తిరగేయకుండానే పక్కన పెట్టి, ఒక డబ్బాలోంచి గుప్పెడు వేరుశనగ గింజలు తీసి నా ముందు పోశారు.

"ఈ విత్తనం మీద ఎర్ర పొట్టు ఉండాది గదా. అది పోవల్ల. కింద తెల్లదానికి గాటు పడగూడదు. ఇదో, దీంతో."

ఆయన ఇచ్చింది చిగుళ్ళ లోపల వేర్లు శుభ్రం చేసే సన్నటి క్యూరెట్. నానబెట్టని పచ్చి గింజ మీద పొట్టు ఎంత గట్టిగా అంటుకుని ఉంటుందో ఎప్పుడైనా గీకి చూస్తే తెలుస్తుంది. మొదటి రోజు నేను పాడుచేయని గింజ ఒక్కటి కూడా లేదు. పాడైనవి పారేయడానికి ఆయన ఒప్పుకోలేదు, కరువు సీమలో ఉంటూ విత్తనం పారేస్తావా అన్నారు. అందుకని గాట్లు పడ్డవన్నీ నేనే తిన్నాను. మూడు వారాలు నా పని అదే. పైత్యం చేసి మంచం పట్టేదాకా వచ్చింది. ఇంట్లో మా ఆయన, "డాక్టరు పనికి పోతున్నావా, నూనె మిల్లుకు పోతున్నావా?" అని అడిగేవాడు.

ఇంతకీ అందులో సార్ చూసేది గింజను కాదు, నా చేతిని. వెనక నిలబడి చూసేవారు. పెన్ను పట్టుకున్నట్టు పట్టుకుంటే వేళ్ళ మీద చిన్న దెబ్బ పడేది.

"రాసేదానికి పట్టుకుంటే అట్ల. ఇది రాసేది గాదు. బొటనవేలు, చూపుడువేలు పట్టుకునేదానికి. నడిమి వేలు కాడ మీద పెట్టు, అది వినేదానికి. ఉంగరపు వేలు నిలబడుకునేదానికి. చిటికెన వేలికి ఏమీ పని లేదు, దాన్ని గమ్మునుండమను."

ఈ మాటలు రోజుకు ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అవే మాటలు, అదే వరసలో. చిటికెన వేలి దగ్గరికి వచ్చేటప్పటికి నేను కూడా పెదవులు కదిపేదాన్ని. ఆయన గమనించేవారు, అయినా ఆపేవారు కాదు.

పేషెంట్లను ముట్టుకోనిచ్చాక ఆ గోల ఇంకా పెరిగింది. "వేలు యాడ పెట్టినావు?" అన్నది ఆయన పలకరింపు. నమస్కారం లేదు, భోంచేశావా లేదు. మెట్లెక్కి తలుపు తోసుకుని వస్తూనే నా వీపుకు ఆ ప్రశ్న వేసేవారు. చెంప మీద ఆనించానంటే తప్పు, చెంప కదులుతుంది. గాలిలో ఉంచానంటే ఇక ఆ పూటంతా అదే పాట. పక్కనున్న గట్టి పంటి మీద ఉంగరపు వేలు దిగేసి, దాన్ని ఇరుసు చేసుకుని మణికట్టు తిప్పాలి. వేళ్ళను ఆడించకూడదు. లోపలికి దించేటప్పుడు మెత్తగా, పైకి లాగేటప్పుడు గట్టిగా, పొట్టి పొట్టిగా. అంచు మొత్తాన్ని పంటికి అప్పజెప్పకూడదు, మొన వైపు మూడో వంతు తాకితే చాలు, తక్కినది చిగురును చీలుస్తుంది. ఇవన్నీ నేను పుస్తకంలో చదివినవే. పుస్తకం ఎవరినీ నస పెట్టదు, అదే తేడా.

నూరడం మరో శిక్ష. తొమ్మిదయ్యేటప్పటికి మెట్ల మీద జనం కూర్చుని ఉండేవాళ్ళు. ఒకాయన చెంప పట్టుకుని, ఇంకొకాయన గోడకు తల ఆనించి. సార్ మాత్రం కిటికీ పక్కన కూర్చుని సానరాయి మీద రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసి, ఒక్కొక్క పనిముట్టే నూరుతూ ఉండేవారు. నూరిన ప్రతిసారీ అంచును ఎండకు తిప్పి చూసేవారు. మొద్దుబారిన అంచు మీద సన్నటి వెలుగు గీత నిలుస్తుంది. పదునైన అంచు మీద ఏమీ నిలవదు. ఆ గీత కనపడినంతసేపూ ఆ మెట్ల మీది జనానికి మోక్షం లేదు.

"సార్, వాళ్ళు నొప్పితో ఉన్నారు" అని ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"ఉండనీ. మొద్దుదాంతో గీకితే గార పోదు, నున్నగవుతాది. నున్నగైన గార కండ్లకూ దొరకదు, వేలికీ దొరకదు. పైగా మొద్దుది పట్టుకుంటే నొక్కల్ల. నొక్కితే జారుతాది. జారితే ఎవురిది తప్పు? కత్తిది గాదు" అని మళ్ళీ రాయి మీద నూనె వేసుకున్నారు.

కరెంటు వచ్చేది తక్కువ, పోయేది ఎక్కువ. అందుకని ఆయన దీపాన్ని నమ్మేవారు కాదు, ఎండనే నమ్మేవారు. మా సీమలో దానికి కొదవ లేదు. ఆ ఇనుప కుర్చీకి చక్రాలు లేవు. కిటికీలోంచి ఎండ ఎటు జరిగితే అటు మేమిద్దరం కుర్చీని ఈడ్చేవాళ్ళం, పేషెంటు అందులో ఉండగానే. ఆ కొత్తలో నా నడుం పట్టేసింది. నీళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. గోడ మీద ఆయన స్వహస్తాలతో రాసిన అట్ట ఉండేది: 'పుక్కిలించుటకు నీళ్ళు తెచ్చుకొనవలెను.' ఎండాకాలంలో మా మెట్ల మీద ప్రతి మనిషి పక్కనా ఒక చెంబు ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడేదో పూజ జరుగుతోందనుకునేవాళ్ళు.

నా బుద్ధిహీనత ఒకటి కూడా చెప్పాలి. గార్లదిన్నె వైపు పల్లె నుంచి ఒక కాలేజీ కుర్రాడు వచ్చాడు. గుంటూరులో చదువుతున్నాడు. ముందు పళ్ళ మీద ఇటుక రంగు మరకలు. హాస్టల్లో ఎగతాళి చేస్తున్నారట. ఇంట్లో ఇటుక పొడి, బూడిద, చివరికి గాజుపెంకు కూడా అయ్యాయి.

సార్ సన్నటి సూదితో పంటి మీద ఒకసారి గీసి చూసి, "ఇది గార గాదప్పా. మీ బోరు నీళ్ళు. పన్ను పుట్టకముందే లోపల కూచున్నాది. గీకితే పన్ను పోతాది, మరక పోదు. నీ ఊర్లో అందురికీ ఇట్లే ఉండాది, నీకొక్కడికే ఏంటికి సిగ్గు?" అన్నారు.

"ఊర్లో ఎవురూ నవ్వరు సార్, ఆడ నవ్వుతారు" అన్నాడు ఆ పిల్లాడు.

సార్ భోజనానికి వెళ్ళాక వాడు మెట్ల మీంచి కదల్లేదు. నాకు జాలేసింది. కాస్త గీకి పంపితే వాడి తృప్తి కోసమైనా ఉంటుందనుకున్నాను. గీకాను. మరక పోలేదు సరికదా, బలహీనంగా ఉన్న పంటి పైపొర చిన్న పెచ్చు లేచింది. సార్ తిరిగొచ్చి చూశారు. కుర్రాడి భుజం తట్టి పంపించి, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మర్నాడు పొద్దున వెళ్ళేటప్పటికి నా బల్ల మీద మళ్ళీ వేరుశనగ గింజల డబ్బా ఉంది. తిట్టినా బాగుండేది. అప్పటికి నేనక్కడ చేరి ఆరు నెలలు.

ఆ తర్వాత వచ్చాడు ఓబులేసు. ముదిగుబ్బ దగ్గర పల్లె అతనిది, సన్నాయి వాయిస్తాడు. నలభై దాటిన మనిషి. కింది దవడలో ముందరి నాలుగు పళ్ళూ ఊగుతున్నాయి, చిగుళ్ళు ముట్టుకుంటే రక్తం. ఆషాఢమాసం మొదట్లో వచ్చాడు. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి సన్నాయి వాళ్ళకు అది తీరిక కాలం.

"సన్నాయి పీక నోట్లో పెడితే కింద పెదవి ఈ పండ్ల మీదనే నిలబడుకోవల్ల సార్. ఇవి ఊగితే పెదవి ఊగుతాది, పెదవి ఊగితే సుతి పోతాది. అనంతపురంలో ఒకాయన పీకేస్తే పోతాది అన్నాడు. పీకినాక నేను ఏం పెట్టుకోని ఊదేది? శ్రావణంలో ఏడు పెండ్లిండ్లు ఒప్పుకున్యా."

నేను చూసి, లాభం లేదు, తీసేయడమే అనుకున్నాను. సార్‌తో అన్నాను కూడా. ఆయన ఒక్కొక్క పన్నునూ రెండు పనిముట్ల పిడుల మధ్య పెట్టి కదిపి చూసి, "ఎముక ఇంగా ఉండాది. గార పోతే చిగురు బిగుసుకుంటాది. చూస్తాం" అన్నారు. ఓబులేసు కుర్చీలోంచి లేస్తూ ఇంకొక మాట అన్నాడు.

"నొప్పికి నేను బెదురుకోను సార్. పెదవి మాత్రం జాగర్త. పెదవి తెగితే మానేదాకా ఊదలేను. నేను పోకపోతే ఇంగొక మేళం పోతాది. ఒగసారి వేరే మేళం పోయిన ఇంటికి మల్ల మమ్మల్ని పిలవరు."

వారానికి రెండుసార్లు ముదిగుబ్బ బస్సులో, చెంబు నీళ్ళతో వచ్చేవాడు. సార్ పక్క పళ్ళతో మొదలుపెట్టారు. పూటకు మూడు పళ్ళు, అంతకు మించి ముట్టేవారు కాదు. మెట్ల మీద జనం విసుక్కునేవాళ్ళు, నేనూ విసుక్కునేదాన్ని. ఆయనకు అదేమీ పట్టేది కాదు. కళ్ళు మూసుకుని, తల కాస్త వంచి, నడిమి వేలితో లోపలి గరుకును వెతుక్కుంటూ ఉండేవారు. నెల చివరికి ఆ ముందరి నాలుగు మిగిలాయి. వాటి లోపలి వైపు, నాలుక పక్కన, గార గట్టుకట్టి ఉంది.

ఆ రోజు మబ్బు. ఆషాఢంలో మా వైపు మబ్బు వస్తుంది, వాన రాదు. విత్తనం వేసినవాళ్ళు ఆకాశం చూసి తిట్టుకుంటున్నారు, గదిలో వెలుగు లేక మేమూ తిట్టుకుంటున్నాం. సార్‌కు అప్పటికే కంటిలో పొర మొదలైంది. కాసేపు నోట్లోకి చూసి, "ఈ పొద్దు నువ్వు చేయి" అన్నారు. ఆయన అటువైపు నిలబడి, ఎడమచేతి చూపుడు వేలితో ఓబులేసు కింది పెదవిని వంచి పట్టుకున్నారు.

"ఊగే పంటి మీద వేలు ఆనించొద్దు. దూరమైనా పర్వాలేదు, గట్టి పన్ను వెతుక్కో."

"తెలుసు సార్."

నిజంగానే తెలుసు. మూడు పళ్ళు అయ్యేదాకా నా వేలు కోరపంటి మీదే ఉంది. నాలుగోదాని మూలకు అందడం లేదు. చెయ్యి కాస్త జరిపాను, చెయ్యితో పాటు వేలూ జరిగింది, జరిగి ఎక్కడ ఆనిందో నేను చూసుకోలేదు. గార ఉన్నట్టుండి ఊడింది. నా వేలి కింది పన్ను కదిలింది. పనిముట్టు ముందుకు ఎగిరింది.

ఓబులేసు కళ్ళు పెద్దవయ్యాయి.

"జారింది సార్."

"జారింది నాకూ తెలుసు. వేలు మార్చుకో. కానియ్యి."

కాడ ఉన్న చిన్న నోటి అద్దంతో పెదవిని తిప్పి చూశాను. గాటు లేదు. నోట్లో రక్తం ఉంది కానీ అది అంతకుముందు నుంచీ ఉన్నదే, జబ్బు చిగుళ్ళ రక్తం. దేవుడా అనుకుని వేలు వెనకటి గట్టి పంటి మీదకు మార్చుకుని మళ్ళీ మొదలుపెట్టాను. ఇంకొక అరగంట పట్టింది. సార్ ఆ అరగంటా పెదవిని వదల్లేదు. ఓబులేసు పుక్కిలించి, గోడ మీది అద్దంలో పెదవి చూసుకుని, బస్సు టైమైందని వెళ్ళిపోయాడు.

అప్పుడు సార్ చేతిని తొట్టి మీదకు తీసుకెళ్ళారు. నేను చిగుళ్ళ రక్తమనుకున్నదాంట్లో సగం ఆయనది. ఎడమ చూపుడు వేలి పక్కన, గోరు కింద నుంచి కణుపు దాకా చీరుకుపోయింది. పొద్దున్నే ఆయన అంత శ్రద్ధగా నూరిన అంచు కదా, శుభ్రంగా తెగింది.

"అరగంట! అరగంట నుంచి ఇట్లా పెట్టుకుని నిలబడ్డారా? నాకెందుకు చెప్పలేదు సార్?" అని అరిచాను. మెట్ల మీది వాళ్ళు తొంగి చూశారు.

"చెప్తే బెదురుకుంటావు. బెదిరిన చేయి మల్ల జారుతాది. ఏంటికి కేకలు, దారం తీయి."

నేనే కుట్లు వేశాను. మూడు కుట్లు. నా ఉంగరపు వేలు గాలిలోనే ఉంది. ఆ మనిషి ఆ స్థితిలో కూడా, "సూది పట్టుకున్యప్పుడు కూడా వేలు ఆనించుకోవల్లమ్మా" అన్నారు. సూది అక్కడే వదిలేసి ఇంటికి వెళ్ళిపోదామా అన్నంత కోపం వచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి కోపం వల్లనే అని ఆయనకు చెప్పాను.

ఇంటికి నడుస్తుంటే నాకు తట్టింది. పెదవిని అద్దంతో పట్టుకోవచ్చు. అందరం అలాగే పట్టుకుంటాం. ఆయన తాను పనిచేసేటప్పుడు అద్దమే వాడేవారు. నేను పనిచేసేటప్పుడు మాత్రం వచ్చి నిలబడి వేలితో పట్టుకునేవారు. మొదటి పేషెంటు నుంచీ అంతే. నా పనిముట్టు ఎటు జారే వీలుందో సరిగ్గా అక్కడ ఆయన వేలు ఉండేది. ఇన్నాళ్ళూ వెలుగుకు అడ్డం వస్తున్నారని నేను లోలోపల సణుక్కున్నాను.

నాలుగు రోజుల తర్వాత ఓబులేసు ఆఖరిసారి వచ్చాడు. శ్రావణానికి ఇంకా వారమే ఉంది. ముందరి పళ్ళు ఊగడం చాలా తగ్గింది, చిగుళ్ళు లేతరంగుకు తిరిగాయి. ఒక్క మూల కాస్త గరుకు మిగిలింది. నేను పనిముట్టు తీసుకున్నాను. సార్ కట్టు కట్టిన వేలికి రబ్బరు తొడుగు వేసుకుని వచ్చి, అదే వేలితో, అదే చోట పెదవిని పట్టుకున్నారు.

"తీయండి సార్ ఆ వేలు" అన్నాను.

"నా వేలితో నీకేం పని? నీ వేలు యాడుండాదో చూసుకో."

"మీరు తీసేదాకా నేను నోట్లో చెయ్యి పెట్టను. అద్దంతో పట్టుకోండి."

ఆయనతో నేను అలా మాట్లాడటం అదే మొదలు. ఓబులేసు నోరు తెరుచుకునే మా ఇద్దరినీ మార్చి మార్చి చూస్తున్నాడు. సార్ నా చేతి వైపు చూశారు. తర్వాత, "ఏదీ, పెట్టు" అన్నారు. నేను ఉంగరపు వేలు వెనకటి గట్టి పంటి మీద దింపాను. ఆయన తన మంచి చేత్తో నా వేలిని పక్కకు తోశారు. కదల్లేదు. ఇంకొంచెం గట్టిగా తోశారు. కదల్లేదు. అప్పుడు పెదవి మీంచి తన వేలు తీసి, అద్దం అందుకున్నారు.

నా పనిముట్టుకూ ఆ పెదవికీ మధ్య ఇప్పుడు ఏమీ లేదు. పావుగంట చేశాను. ఆ పావుగంటలో ఆయన ఒక్క తప్పు కూడా పట్టలేదు.

ఓబులేసు పుక్కిలించి, పెదవిని నాలుకతో తడుముకుని, పళ్ళను వేలితో అటూ ఇటూ నొక్కి చూసుకుని సార్ వైపు తిరిగాడు. "పెదవికి ఏమీ కాలేదు సార్. పండ్లూ నిలబడినాయి" అన్నాడు.

"నాకేంటికి చెప్తావప్పా? చేసింది ఆయమ్మ. ఆయమ్మకు చెప్పు" అని సార్ కిటికీ వైపు వెళ్ళిపోయారు.

ఓబులేసు నాకు దండం పెట్టాడు. ఆ శ్రావణంలో ఏడు పెళ్ళిళ్ళకూ అతనే ఊదాడు.